చెట్టుకొకటి, పిల్లకొకటి

మా పెద్దమ్మాయిని తొలి కాన్పుకి అయిదో నెలలోనే ఇంటికి తెచ్చుకున్నాం. అత్తవారిది రావులపాలెం అవతల అరటితోటల ఊరు. అక్కడ ఇంటిల్లిపాదీ తెల్లారేసరికి గెలలు కొట్టే పనిలో ఉంటారు, పిల్లని చూసుకునే తీరిక ఎవరికీ లేదు. బస్సు దిగి కాలువ గట్టు మీద నడిచి వస్తుంటే దూరం నుంచే చూశాను. కడుపు ఇంకా తెలియడం లేదు గాని, మొహం మాత్రం ఉతికి ఉతికి రంగు వెలిసిన చీరలా ఉంది. కాస్త నడవడం, ఆగి ఊపిరి తీసుకోవడం. మోస్తున్నది చేతిసంచీ ఒక్కటే.

ఇది డెబ్బైల చివర్లో సంగతి. మాది రాజోలు దగ్గర పల్లె. మా ఆయన కొబ్బరి దింపుకి పోయేవారు, నేను ఇంటి దగ్గర ఈనెలు చీరి చీపుళ్ళు కట్టేదాన్ని. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. తర్వాత చేతికి వరినారు కట్టలిచ్చి చేలోకి దింపారు. మా అత్తగారు ఆ మాత్రం కూడా చదవలేదు. కానీ ఇంట్లో ఆవిడ మాటే మాట. గట్టు మీద సగం మందికి తనే బొడ్డు కోశానని చెప్పుకునేది. అది నిజం కూడాను.

ఆ యేడే మా ఊరికి కొత్త నర్సమ్మగారు వచ్చింది. రామచంద్రపురం పిల్ల, పెళ్ళి కూడా కాలేదు. మందుల పెట్టె, గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. మా అమ్మాయిని వీధరుగు మీద కూర్చోబెట్టి కింది కనురెప్ప వేలితో లాగి చూసింది. చూసి నా వైపు తిరిగింది.

"లోపల ఎర్రగా ఉండాలండి అమ్మగారూ. తెల్లగా ఉంది. రక్తం లేదండి పిల్లకి."

"ఎండని పడొచ్చింది కదా, అలసట," అంది మా అత్తగారు గుమ్మంలోంచి.

"అలసట కాదండి మామ్మగారూ. కాన్పులో అందరికీ పోయే రక్తం పోయినా ఈ పిల్ల తట్టుకోలేదండి. నెలలు నిండేలోగా రక్తం పట్టించాలి. పట్టకపోతే మాత్రం ఇంటి దగ్గర నేను చెయ్యనండి. ముందుగానే గోదారి దాటించి కాకినాడ తీసుకుపోవాలి."

గోదారి దాటించడం అనేసరికి నాకు మా అక్కే గుర్తొచ్చింది. తొలి కాన్పులో రక్తం ఆగక, మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే పంటు మీదే పోయింది. అవతలి ఒడ్డున మనుషులు కనబడుతూనే ఉన్నారట. ఆ సంగతి మా ఇళ్ళలో ఎవరూ ఎత్తరు. ఆ రోజూ ఎత్తలేదు. నేను, మా అత్తగారు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, అంతే.

నర్సమ్మగారు కాగితం పొట్లంలో ఎర్రటి మాత్రలు కట్టి ఇచ్చింది. ఇనుము మాత్రలని చెప్పింది. రోజూ అన్నం తిన్నాక ఒకటి మింగాలి. ఆకుకూర, చేప, గుడ్డు, ఏది దొరికితే అది కడుపునిండా పెట్టాలి.

ఆవిడ గొడుగు మలుపు తిరిగిందో లేదో మా అత్తగారు మొదలెట్టింది.

"కడుపునిండా పెడితే బిడ్డ పొట్టేల్లా ఎదుగుద్ది. లోపలుండడానికి బాగానే ఉంటాది, బయటికెలా వస్తాదే? ఆ మాట చెప్పలేదేం మీ నర్సమ్మ?"

"తల్లికే ఒంట్లో రక్తం లేదు అత్తయ్యా. బిడ్డకెక్కడినుంచి వస్తాది?"

"నేను పురుడు పోసినోళ్ళందరూ అరముద్ద తిని కన్నవాళ్ళే."

నేను వాదన పెంచలేదు. దడి పక్కన మునగచెట్టు ఎవరికీ అడ్డులేకుండా ఆకు వేస్తోంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోజూ మునగాకు వేపుడు, పెరట్లో తోటకూర పప్పు, మా ఆయన కాలువలో గాలం వేసి తెచ్చిన చేప. మా అత్తగారు పళ్ళెం వంక చూసి దగ్గేది. నేను ఇంకో గరిటె వడ్డించేదాన్ని. ఆవిడ ఇంకోసారి దగ్గేది.

నెల తిరిగేసరికి నర్సమ్మగారు వచ్చి మళ్ళీ రెప్ప లాగి చూసింది. మొహం ముడుచుకుంది.

"తిండి తింటున్నట్టు తెలుస్తోందండి, బుగ్గలు కాస్త తేరుకున్నాయి. కానీ రావాల్సినంత రాలేదు. మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?"

"ఆయ్, వేసుకుంటున్నానండి," అంది మా అమ్మాయి, నేల చూస్తూ.

చిన్నప్పటి నుంచీ నేల చూసి చెప్పిందంటే అది నిజం కాదు. నర్సమ్మగారి ఎదుట అడగడం ఎందుకని ఊరుకున్నాను. ఆవిడ ఇంకో పొట్లం ఇచ్చి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం చేప కడిగిన నీళ్ళు పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోద్దామని వెళ్ళాను. మా ఇంట్లో నీళ్ళు ఒక్కసారి వాడి పారబోసే అలవాటు లేదు. చేప కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, అన్నీ ఆ చెట్టుకే. పాదులో కాపు కోసం ఎప్పుడూ వేసే ఉప్పు చల్లి ఉంది. ఉప్పు మధ్య అక్కడక్కడ ఎర్రసిరా ఒలికినట్టు మరకలు. పుల్లతో కెలికితే సగం కరిగిన మాత్ర ఒకటి బయటపడింది. పక్కనే ఇంకోటి. ఇంకా తవ్వితే ఇంకా ఉన్నాయి.

మా అత్తగారు వెనకవైపు వసారాలో కూర్చుని చేటతో బియ్యం చెరుగుతోంది. అరచేతిలో ఆ మాత్రలు పెట్టి చూపించాను.

"ఇవేంటి అత్తయ్యా?"

ఆవిడేం తడబడలేదు. "ఇనుమంట కదే. చెట్టుకి ఇనుము మంచిది. మీ మావగారు ఉన్నప్పుడు పిందె రాలకుండా మొదట్లో మేకులు పాతేవోరు."

"పిల్లకిచ్చిన మందు చెట్టుకేస్తారా?"

"పిల్ల మింగితే బిడ్డ లావైపోద్ది. పారేద్దావంటే మనసొప్పలేదు. వృథా కాకుండా చెట్టుకేసేను. ఏదీ పారెయ్యొద్దని పొద్దస్తమానం సతాయించేది నువ్వే కదే?"

నా ఒళ్ళు మండిపోయింది. నా మాటే నాకు తిప్పికొట్టినందుకు ఇంకా మండింది. మా అమ్మాయి లోపల్నుంచి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"మామ్మ అడిగిందని ఇచ్చేనమ్మా. మింగితే వికారంగా ఉంటోంది. పైగా బిడ్డ నల్లగా పుడతాదంట."

"మీ నాన్న నలుపు, నేను నలుపు, ఈ మామ్మ మరీ నలుపు. మా ముగ్గురికీ ఏ మాత్రలిచ్చేరే?" అన్నాను.

మా అత్తగారికి నవ్వొచ్చింది గాని బయటపడలేదు. చేట పక్కన పెట్టి చెట్టు పైకి చెయ్యి చూపించింది.

"అరవక ఒకసారి పైకి చూడవే. పోయినేడు ఎండలు రాకుండానే పిందెలన్నీ రాలి పెరడంతా పరుచుకున్నాయా లేదా? ఇప్పుడు చూడు. గెల నిండా ఎలా అంటిపెట్టుకున్నాయో చూడు."

చూశాను. నిజమే. ఆ చెట్టు ఎన్నడూ అంత నిండుగా లేదు. యేడాది పొడుగునా నేను పోసిన చేపనీళ్ళు అక్కడికే పోయాయన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అయితే మందు పనిచేసిందంటారా అత్తయ్యా?"

"చెయ్యకపోవడవేంటి? కళ్ళెదురుగా కనపడతా ఉంటే."

"పిందె నిలబెట్టింది."

"నిలబెట్టింది."

"చెట్టు పిందె నిలబెట్టిన మందు నా పిల్ల కడుపులో పిందెని నిలబెట్టదా? గెల నిండా కాయలుంటే చెట్టు విరిగిపోయిందా? మీకు మనవరాలి కన్నా చెట్టెక్కువయ్యిందా?"

ఆవిడ చెట్టు వంక చూసింది, మనవరాలి వంక చూసింది. మళ్ళీ చెట్టు వంక చూసింది. ఎంతసేపు చూసిందంటే, కోడి వచ్చి చేటలో బియ్యం తినడం మొదలెట్టినా అదిలించలేదు. నేనే అదిలించాను.

"ఒసే అమ్మడూ, ఇలా రా," అంది చివరికి. "ఆ పొట్లం తీసుకురా. నోరు తెరు. నీళ్ళు తాగు. ఇప్పుడు మళ్ళీ తెరు. నాలిక పైకెత్తు. ఆఁ, పో."

ఆ రోజు నుంచి మా అమ్మాయికి తప్పించుకునే దారి లేకుండా పోయింది. అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికి మామ్మ మాత్ర పట్టుకుని తయారు. వికారం అంటే నిమ్మకాయ ముక్క నాకించేది. పళ్ళెంలో చేప తక్కువైతే ఇప్పుడు నన్ను చూసి దగ్గేది.

అంతటితో ఆగితే బాగుండును. మా అత్తగారు ఒక మాట నమ్మిందంటే గట్టు మీద అందరూ నమ్మాల్సిందే. కాలువ రేవులో బట్టలుతికే దగ్గర మొదలెట్టింది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ తెల్ల చీరలతో తిన్నగా మా పెరట్లోకి వచ్చి చెట్టు చుట్టూ నిలబడ్డారు. తలలెత్తి చూసి, "నిజమేనే, ఒక్క పిందె రాల్లేదు," అనుకున్నారు. మా ఆయన బయటికొచ్చి ఎవరు పోయారోనని కంగారు పడ్డారు.

ఆ వారం నర్సమ్మగారు సంతోషంతో ఉబ్బిపోయింది. తనని చూసి తలుపు వేసుకునే ఇళ్ళవాళ్ళు ఎదురొచ్చి మాత్రలు అడుగుతున్నారు. మా అరుగు మీద కూర్చుని, "ఊరు మారిందండి అమ్మగారూ," అని మజ్జిగ తాగింది. పక్కింటి అత్త అప్పుడే వచ్చి చెయ్యి చాపింది.

"పిల్లకొకటి ఇచ్చేరు, సరేనండి. మరి చెట్టుకో?"

నర్సమ్మగారి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. సంగతి విన్నాక పాపం ఆ పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెట్టె ఖాళీ అయిపోయింది. అమలాపురం నుంచి మళ్ళీ మాత్రలు ఎప్పుడొస్తాయో చెప్పలేనంది. మా పొట్లం కూడా అడుగంటింది. మా అమ్మాయికి ఎనిమిదో నెల.

నాకు పొయ్యి మీద పాలు పొంగినట్టు కోపం వచ్చింది. మా అత్తగారు నాకన్నా ముందు లేచింది. నడుముకి చెంగు చుట్టి, బుట్ట ఒకటి చంకన పెట్టుకుని గట్టు వెంట బయల్దేరింది. నేను వెనకాల. ప్రతి ఇంటి ముందూ ఒకటే కేక.

"ఏవే, మాత్రలెక్కడ దాచేవు? తీసుకురా."

"నువ్వే కదా అత్తా చెట్టుకెయ్యమన్నావు!"

"చెట్టు తింటాదని చెప్పేను. పిల్ల నోట్లోది లాక్కుని పెట్టమని చెప్పేనా? ఉప్పుకుండలో చెయ్యి పెట్టు. ఆఁ, ఇంకా లోపలికి పెట్టు."

ఉప్పుకుండల్లోంచి, చూరులోంచి, దిండు గలీబుల్లోంచి కూడా తీశారు. ఒకావిడ పాదులో వేసినవి కూడా తవ్వి తేబోతే వద్దని ఆపాను. సాయంత్రానికి బుట్టలో పొట్లాలన్నీ చేరాయి. అవి నర్సమ్మగారికి అప్పగించి, ఇక ఎవరి ఇంటికీ పొట్లం ఇవ్వొద్దని నేనే చెప్పాను. సాయంత్రం నీళ్ళకి అందరం కాలువ రేవులోకి వస్తాం. కడుపుతో ఉన్న పిల్లలు అక్కడే, అత్తల ఎదుటే మింగాలి. తోడుకొచ్చిన బిందెలు మెట్ల మీద పెట్టి, పిల్లలు వరసగా నిలబడి మింగేవారు. ఎవరైనా మొహం చిట్లిస్తే అవతలి మెట్టు మీద నుంచి వేళాకోళం. "మొగుణ్ణి చూసినా ఇంత మొహం పెట్టలేదే!" అని నవ్వులు. మా అమ్మాయి ముందు సిగ్గుపడేది. పోనుపోను ఆ నవ్వుల కోసమే తొందరగా బయల్దేరేది. గట్టు మీద ఆగకుండా నడవడం అప్పుడే గమనించాను.

ఆ రోజుల్లోనే అమలాపురం నుంచి జీపు వచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్న డాక్టరమ్మ దిగింది. బడి వరండాలో చాపలు వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు.

"తల్లుల కోసం, పిల్లల కోసం దేశమంతటికీ ఒక సర్కారు పద్ధతి ఉందండి. దాన్ని ఢిల్లీలో మళ్ళీ రాస్తున్నారు. ఏది పనిచేస్తోందో, ఏది మార్చాలో ఊళ్ళలో అడిగి పంపమన్నారు. చెప్పండి," అంది.

ఢిల్లీ వాళ్ళు మమ్మల్ని అడగడమేమిటని అందరికీ అనుమానం. మా అత్తగారు గొంతు సవరించుకుంది.

"చెట్లకి వేరేగా పంపించమని రాయండమ్మా. ఇకమీదట పిల్లలవి ముట్టుకోం."

వరండా గొల్లుమంది. నర్సమ్మగారు పెట్టె వెనక తల దాచుకుంది. డాక్టరమ్మకి మొదట అర్థం కాలేదు. అందరూ ఒక్కసారే చెప్పబోతే అసలే అర్థం కాలేదు. చివరికి అర్థమయ్యాక కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వు ఆగాక, "మరి ఇప్పుడు మింగుతున్నారా?" అని అడిగింది.

"మింగక ఎక్కడికి పోతారు? నాలిక ఎత్తి చూపించాలి," అంది మా అత్తగారు.

నేను లేచి నిలబడ్డాను. నలుగురిలో మాట్లాడడం నాకు అదే మొదలు.

"అమ్మగారండి, ఇన్నాళ్ళూ మీరు కడుపుతో ఉన్న పిల్లని పిలిచి చెప్తున్నారు. ఆ పిల్ల చేతిలో ఏం ఉందండి? గరిటె ఉన్నది అత్త చేతిలో. చేపముక్క ఎవరి పళ్ళెంలో పడాలో చెప్పేది అత్త. ముందు మమ్మల్ని పిలవండి. మాకు నచ్చితే పిల్ల మింగుద్ది. నచ్చకపోతే చెట్టు మింగుద్ది."

డాక్టరమ్మ రాసుకుంది. "ఇంకా ఏమైనా చెప్తారా?"

"ఆయ్, చెప్తానండి. కడుపొచ్చేక రక్తం పట్టించడం అంటే బస్సు కదిలేక వెనకాల పరిగెత్తడవేనండి. ఆడపిల్ల పెద్దమనిషైతే చుట్టాలందరూ నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి తెచ్చి పెడతారు. స్నానం చేయించేక ఎవరూ పట్టించుకోరు. అక్కణ్ణుంచి పెళ్ళిదాకా ఆ పిల్లకి పెట్టేది మిగిలిందే. అప్పట్నుంచే చూడమని రాయండి. తిండీ, మాత్రా రెండూను."

వెనక వరసలోంచి ఒకావిడ, "పెళ్ళికాని పిల్లకి మాత్రలా? చూసినోళ్ళు ఏవనుకుంటారు?" అంది.

"ఏవనుకుంటారు? పిల్ల నిగనిగలాడతా ఉంది, సంబంధం అడుగుదామనుకుంటారు," అంది మా అత్తగారు.

డాక్టరమ్మ రాసుకున్నది ఎంతవరకు వెళ్ళిందో నాకు తెలియదు. తర్వాత కొన్నేళ్ళకి, ఎనభైల్లో, మా ఊళ్ళో పిల్లల కేంద్రం పెట్టి నర్సమ్మలు అత్తల్ని కూడా పిలిచి కూర్చోబెట్టడం మొదలెట్టారు. అది తను చెప్పినందుకేనని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది. చెప్పింది నేను. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

నెలలు నిండేసరికి నర్సమ్మగారు మా అమ్మాయిని చూసి, "బాగుందండి, ఇంటి దగ్గరే చేద్దాం. కానీ బండి మాత్రం గుమ్మంలో ఉండాలి," అంది. మామిడికాయల రోజులు. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. నేను రిక్షా మాట్లాడి గుమ్మం ముందు పెట్టించాను. జీవితంలో నేను రిక్షా మాట్లాడడం అదే మొదటిసారి. రిక్షా అతను చెట్టునీడన గొంతుక్కూర్చుని బీడీ వెలిగించాడు. ఆ రిక్షా వంక చూడకూడదనుకుంటూనే మాటిమాటికీ చూశాను. అది కదిలిందంటే గోదారి రేవుకే. రేవు దాటాలంటే పంటు ఎక్కాలి.

లోపల నర్సమ్మగారు, మా అత్తగారు. ముందు సబ్బు దగ్గర గొడవ.

"ఇన్ని కాన్పులు చేసిన చేతులు, ఇవేం మురికివా?"

"మీ చేతులు మంచివేనండి మామ్మగారూ. మీతో పాటు నావీ కడుక్కుంటున్నాను చూడండి."

ఇద్దరూ కడుక్కున్నారు. తర్వాత అరుపులు. ఆ తర్వాత బిడ్డ ఏడుపు. నా గుండె తేలికపడబోతుండగా నర్సమ్మగారి గొంతు వినబడింది, "గుడ్డలివ్వండి, తొందరగా." నేను మడతలు అందించాను. ఆపైన ఏ చప్పుడూ లేదు. రిక్షా అతను బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మా అక్క మొహం గుర్తు తెచ్చుకోకూడదనుకున్నాను, వచ్చేసింది.

"ఆగిందండి అమ్మగారూ," అంది నర్సమ్మగారు లోపల్నుంచి. "మామూలే. భయం లేదండి. పిల్ల గట్టిగా ఉంది."

వెనకాలే మా అమ్మాయి గొంతు. "అమ్మా, ఆకలేస్తోంది."

కూర్చోవడానికి పీట కోసం వెతికాను. దొరక్కపోతే నేల మీదే కూలబడ్డాను.

ఆడపిల్ల. నల్లగా, నిగనిగలాడుతూ, మా అత్తగారి అచ్చు. ముర్రుపాలు పిండి పారబోయాలని ఆవిడ గిన్నె తీసుకోబోయింది. అవే పట్టాలని నర్సమ్మగారు అంది. మా అత్తగారు నా మొహం చూసింది.

"పాలు పారబోస్తే నేనూరుకుంటానా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ గిన్నె పక్కన పెట్టేసింది.

బాలింతకి మూడు పూటలు నీళ్ళు కూడా ఇవ్వని మనిషి ఆ రోజు వేడన్నంలో చేపపులుసు కలిపి తనే ముద్దలు పెట్టింది. మా అమ్మాయి తింటూనే ఉంది. మధ్యలో ముల్లు సరిగ్గా తియ్యలేదని మామ్మని కసిరింది కూడా. ఆ కసురు విని మా ఆయన పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కొచ్చారు.

రిక్షా అతను ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. అతనికీ అన్నం పెట్టించాను. తిని చెయ్యి కడుక్కుని, "మరి నేను వెళ్ళనాండి? బేరం లేనట్టేగా," అన్నాడు.

"బాడుగ మాట్లాడేక ఊరికే పోతావా? రోజంతా నాకోసమే ఆగిన బండి," అన్నాను. మా అత్తగారిని పిలిచాను. "అత్తయ్యా, రండి ఎక్కండి."

"ఎక్కడికే?"

"ఎక్కడికీ లేదు. గట్టు చివరిదాకా వెళ్ళి వద్దాం. అందరికీ చెప్పాలి కదా."

ఆవిడ పైట సర్దుకుని ఎక్కింది. నేను పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. బండి కదిలాక కాసేపు భయంతో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. కాలువ రేవు దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళు బిందెలు వదిలేసి గట్టెక్కారు. రిక్షాలో మా ఇద్దరినీ చూసి వాళ్ళ మొహాలు మారిపోయాయి. బండి గోదారి రేవుకి వెళ్తోందనుకున్నారు.

"కడుపుతో ఉన్నోళ్ళు దారి తప్పుకోండే!" అని మా అత్తగారు సీటులోంచి లేచి నిలబడి అరిచింది. "తల్లి అన్నం తింటోంది! ఆడపిల్ల!"

"కూచోండి అత్తయ్యా, పడతారు," అని చీర పట్టుకుని లాగుతున్నాను. రిక్షా అతను నవ్వుతూ ఇంకాస్త గట్టిగా తొక్కాడు.